టెడ్డీబేర్ పుట్టిన చోటు వెతుక్కుంటూ

మన ఇళ్ళలో టెడ్డీబేర్ ఉంటే పిల్లల పక్కలోనన్నా ఉంటుంది, హాల్లో షోకేసు అద్దం వెనకాలన్నా ఉంటుంది. షోకేసులో ఉన్నదానికి పాలిథిన్ కవరు తీయం, మాసిపోతుందని. దాని పుట్టుక గురించి అడిగితే ఓ ముద్దొచ్చే కథ వినిపిస్తారు: అమెరికా అధ్యక్షుడు థియోడర్ (టెడ్డీ) రూజ్‌వెల్ట్ వేటకెళ్ళి, ఎలుగుబంటి పిల్లని చూసి, జాలిపడి వదిలేశాడని. ఈ కథ వెంట లెటర్‌బాక్సింగ్ ఆట ఒకటి నడిపితే బాగుంటుందని నా ఊహ.

ఈ ఆట ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీళ్ళలో మొదలైంది. యాత్రికులకు దారి చూపే జేమ్స్ పెరట్ 1854లో క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఓ సీసా పెట్టాడు. బురదలో పడి అంత దూరం నడిచొచ్చినవాళ్ళు గుర్తుగా తమ విజిటింగ్ కార్డు అందులో వేసి పోయేవారు. పోనుపోను ఉత్తరాలు వదలడం, తర్వాత వచ్చినవాళ్ళు వాటిని తీసుకెళ్ళి పోస్టు చేయడం అలవాటైంది. 1998లో స్మిత్సోనియన్ పత్రికలో వ్యాసం వచ్చాక అమెరికాలోనూ ఈ సరదా పాకింది.

ఇప్పటి పద్ధతి ఇదీ. నీళ్ళు దిగని డబ్బాలో ఓ నోటుపుస్తకం, ఓ రబ్బరు స్టాంపు పెట్టి దాస్తారు. ఆనవాళ్ళు పొడుపుకథలా రాసిస్తారు. కనిపెట్టినవాళ్ళు డబ్బాలోని ముద్ర తమ పుస్తకంలోను, తమ ముద్ర డబ్బాలోని పుస్తకంలోను వేసి, మళ్ళీ అక్కడే దాచేసి వస్తారు. బహుమతులూ గిహుమతులూ ఏమీ లేవు.

అసలు సొగసు స్టాంపు చెక్కడంలో ఉంది. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు చాలు. కాగితం మీద పెన్సిలుతో గీసిన బొమ్మని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే గీతలు దిగుతాయి. గీతల్ని వదిలేసి చుట్టూ ఉన్నదాన్ని సన్నటి కత్తితో తీసేయాలి. వదిలిందే సిరా అంటుకుని కాగితం మీద పడుతుంది, తీసేసిన చోటు ఖాళీగా మిగులుతుంది. టెడ్డీబేర్ కథనీ ఇలాగే ఎవరెవరో చెక్కారు. అందుకే నా ఆట బొమ్మ దగ్గర మొదలై వెనక్కి నడుస్తుంది.

మొదటి డబ్బా న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో. రష్యా నుంచి వలస వచ్చిన మోరిస్ మిక్టమ్‌కి అక్కడ మిఠాయి కొట్టు ఉండేది. భార్య రోజ్‌తో కలిసి గుడ్డ ఎలుగుబంటి కుట్టి అమ్మకానికి పెట్టాడు. ఆ వ్యాపారమే తర్వాత ఐడియల్ అనే పెద్ద బొమ్మల కంపెనీ అయింది. రెండోది జర్మనీలోని గీంగెన్‌లో. సరిగ్గా ఆ రోజుల్లోనే స్టైఫ్ కంపెనీలో రిచర్డ్ స్టైఫ్ కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగుబంటి తయారుచేశాడు. 1903లో అది లైప్‌జిగ్ సంతకెక్కింది. మూడోది వాషింగ్టన్‌లో. 1902 నవంబరు 16న వాషింగ్టన్ పోస్ట్‌లో ఆ వేట మీద క్లిఫర్డ్ బెరీమన్ కార్టూన్ వచ్చింది ఇక్కడే. ఆయన మళ్ళీ మళ్ళీ గీసినకొద్దీ ఎలుగుబంటి చిన్నదై, ముద్దుగా తయారైంది.

నాలుగోదే కీలకం. అది మిసిసిపీ రాష్ట్రంలో, ఆన్‌వర్డ్ అనే పల్లె దగ్గర. 1902 నవంబరులో రూజ్‌వెల్ట్ వేటకి దారి చూపినవాడు హోల్ట్ కాలియర్. బానిసగా పుట్టి, ఆ అడవుల్లో ఎలుగుబంట్ల వేటకి పేరుమోసిన నల్లజాతి మనిషి. కుక్కలు ఎలుగుబంటిని నిలేసే సమయానికి అధ్యక్షుడు అక్కడ లేడు. అది కుక్కని చంపేసింది. అధ్యక్షుడి కోసం దాన్ని ప్రాణాలతో ఉంచాలి కాబట్టి, కాలియర్ తుపాకి మడమతో దాని తల మీద కొట్టి, తాడేసి చెట్టుకి కట్టాడు. అది పిల్ల కాదు, ఎదిగిన జంతువు. రూజ్‌వెల్ట్ వచ్చి చూసి, కట్టేసినదాన్ని కాల్చడం వేటగాడి ధర్మం కాదన్నాడు. కానీ వదిలేయమనలేదు. బాధ పడకుండా ముగించమన్నాడు. కత్తితో చంపారు.

ఈ డబ్బాలో స్టాంపు మీద నేను చెక్కేది ఎలుగుబంటిని కాదు, తాడు ముడిని. ఆనవాలు ఇలా రాస్తాను: “వదిలాడన్నవాడి పేరు బొమ్మకుంది. కట్టినవాడి పేరు అడవికుంది. అడవి దారి పట్టు.” మిసిసిపీలో హోల్ట్ కాలియర్ పేరిట జాతీయ వన్యప్రాణి అభయారణ్యం నిజంగానే ఉంది. ఆఫ్రికన్ అమెరికన్ పేరు పెట్టిన తొలి అభయారణ్యం అదే. అయితే అక్కడ అనుమతి లేకుండా ఏ వస్తువూ వదలకూడదు. కాబట్టి డబ్బా అభయారణ్యం బయట, స్థలం సొంతదారుని అడిగి పెట్టిన చోటే ఉండాలి.

రూజ్‌వెల్ట్ తుపాకి ఎత్తకపోవడం మంచి పనే, కాదనను. అంతమాత్రాన మిగతా కథని చెరిపేయనక్కర్లేదు. అమెరికాలో పిల్లలతో ఇలాంటి డబ్బాల వేటకెళ్ళే తెలుగువాళ్ళయినా, ఇక్కడ షోకేసు ముందు నిలబడి కథ చెప్పే తాతయ్యలైనా, ఈసారి కథని అధ్యక్షుడితో కాక హోల్ట్ కాలియర్‌తో మొదలుపెట్టండి.