1962 తర్వాత అడగని ప్రశ్న

1962 అక్టోబరు 20న మొదలైన చైనా యుద్ధం నెల రోజుల్లో మన ఓటమితో ముగిసింది. ఆ నెలలో ఆడవాళ్లు ఒంటిమీది బంగారం తీసి రక్షణ నిధికి ఇచ్చారు. జనంతో పాటు సొంత పార్టీ ఎంపీలు కూడా పట్టుబట్టడంతో నెహ్రూ తన ఆప్తుడు, రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌ని మంత్రివర్గం నుంచి వదులుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఉప ఎన్నికల్లో ప్రతిపక్ష నేతలు కృపలానీ, లోహియా, మసానీ గెలిచి లోక్‌సభకొచ్చారు. ఆగస్టులో లోక్‌సభలో తొలి అవిశ్వాస తీర్మానం పెట్టింది కృపలానీయే. అది 62-347తో వీగిపోయింది. అయినా నెహ్రూనీ నిలదీయొచ్చన్న ధైర్యం వచ్చింది. అది మన ప్రజాస్వామ్యానికి మంచే చేసిందంటాను.

అదే యుద్ధంలో నన్ను కలచివేసేది మరొకటి. అస్సాంలోని మాకుం లాంటి ఊళ్లలో తరతరాలుగా బతుకుతున్న చైనా మూలాల కుటుంబాలని, పసిపిల్లలతో సహా, రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. దాదాపు 3,000 మంది. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. సరిహద్దులో ఓటమికి వాళ్లకేం సంబంధం? మీనన్ గురించి అంత గట్టిగా అడిగిన దేశం వీళ్ల గురించి అడగలేదు. ఆ కుటుంబాలకి ప్రభుత్వం ఇప్పటికైనా క్షమాపణ చెప్పాలి.