కండకరువు

వ్యాయామశాలలో చేరేవారంతా ఆరోగ్యం మీది శ్రద్ధతో చేరతారనుకుంటాం. నా మట్టుకు నేను భయపడి చేరాను.

రెండేళ్ళ క్రితం ఒక వేకువన నాన్నగారు స్నానాలగదిలో జారి కూలబడ్డారు. ఎముకలేవీ విరగలేదు, కానీ తమంతట తాము లేవలేకపోయారు. నాకు మెలకువ వచ్చి, చంకల కింద చేతులు వేసి లేపేదాకా ఆ తడినేల మీదే ఉండిపోయారు. "కాళ్ళు నా మాట వినలేదురా" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు.

విజయనగరంలో పుట్టి పెరిగిన మనిషి ఆయన. గుండెల మీద ఏనుగును నిలుపుకునేవారని పేరుపొందిన కోడి రామ్మూర్తి నాయుడు 1942లో గతించినా, ఆ తరువాత పుట్టిన పిల్లలు సైతం ఆ పేరు తలచుకుంటూనే తాలింఖానాకు వెళ్ళేవారట. తెల్లవారుతూనే దండీలు, బస్కీలు, ఆపైన గద తిప్పడం. నన్నూ చేయమని పోరేవారు. "ఈ రోజుల్లో ఈ సాముగరిడీలెందుకు నాన్నగారూ" అని నవ్వేసేవాణ్ణి.

ఆయనను పరీక్షించిన ఫిజియోథెరపిస్టు, తొడల్లో బలం లేదంటూ సార్కోపీనియా అనే మాట వాడారు. వయసుతో కండ తరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ పెట్టిన పేరది. గ్రీకు మూలాలను బట్టి మాంసపు లేమి అని అర్థం. నేను దాన్ని కండకరువు అనుకున్నాను. కరువన్నది ఒక్కరోజులో రాదు కదా!

రేపు నా గతి కూడా ఇంతేనేమోనన్న దిగులుతో మా వీధి చివరి జిమ్‌కు వెళ్ళాను. అడుగుపెట్టగానే కిటికీల వెంట ట్రెడ్‌మిల్లులు, కదలని సైకిళ్ళు. అవి గుండెకూ ఊపిరికీ. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు ఇంగ్లండులో ఖైదీల చేత తొక్కించడానికి రూపొందించిన మెట్ల చక్రానికి ఈ పేరు మొదట ఉండేదని ఎక్కడో చదివాను. నెలనెలా డబ్బు కట్టి మరీ శిక్ష అనుభవిస్తున్నాం కాబోలనిపించింది.

అవి దాటితే యంత్రాల వరుస. కాళ్ళతో నెట్టేవి కొన్ని, చేతులతో లాగేవి కొన్ని. బరువు ఏ దారిన కదలాలో యంత్రమే నిర్ణయిస్తుంది గనుక కొత్తవారికి నిశ్చింత. ఆపైన అద్దాల గోడ ముందు డంబెళ్ళు, ఇనుప కడ్డీలు. అక్కడ ఆ ఆసరా ఉండదు. బరువును ఎత్తడమే కాక, ఒరగకుండా నిలపడమూ మన పనే. పక్క గదిలో సాయంత్రాలు పాటలకు జుంబా. అన్నిటికీ చివర, చాపలు పరచిన ఒక ఖాళీ మూల.

శిక్షకుడు నన్ను మొదట ఆ మూలకే పంపాడు. "స్క్వాట్లు చెయ్యండి సార్" అంటూ చేసి చూపించాడు. "బస్కీలా!" అన్నాను అప్రయత్నంగా. పన్నెండోదానికే నా తొడలు వణికాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగ విరమణ చేసి నా దగ్గరికి వచ్చిన నాటినుంచి ఆయనను ఏ పనీ ముట్టనివ్వలేదు నేను. పాలకు బయలుదేరితే "మీరు కూర్చోండి". మొక్కలకు నీళ్ళు మోయబోతే "మీరు కూర్చోండి". కంచం సైతం కుర్చీ దగ్గరికే. సేవ చేస్తున్నానని మురిసిపోయాను. పదేళ్ళపాటు ఎంతో ప్రేమగా, ఆయన కాళ్ళకు పని లేకుండా చేసింది నేనే.

అరవయ్యైదు దాటినవారు వారానికి మూడు రోజులైనా బలానికీ, తూలకుండా నిలవడానికీ పనికివచ్చే వ్యాయామం చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అందుకు జిమ్ అక్కరలేకపోయింది. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు మా హాల్లోని కుర్చీలోంచి లేవడం, మళ్ళీ మెల్లగా కూర్చోవడం. మొదటివారం చేతులు ఆన్చి నాలుగుసార్లు. ఇప్పుడు చేతులు కట్టుకుని పన్నెండు. లెక్క మాత్రం నన్ను పెట్టనివ్వరు, తామే పైకి లెక్కపెట్టుకుంటారు.

నేల మీదనుంచి ఇంకా ఊరికే లేవలేరు; మంచం పట్టె ఊతగా ఉండాలి. మొన్న అలా లేస్తుండగా మోకాలు కాస్త తడబడింది. నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి.

"నువ్వు కూర్చోరా" అన్నారు నాన్నగారు.

కూర్చున్నాను.