పెట్టె కాదు, రేడియో

పాత వాల్వు రేడియో దొరికితే ఈ మధ్య చాలామంది చేసే పని ఒకటే. లోపలి సామాను మొత్తం పీకేసి, పెట్టెకి తళతళలాడే పాలిష్ కొట్టించి, ఒక బ్లూటూత్ బోర్డు బిగించడం. చూడటానికి బావుంటుంది, పాటలూ వస్తాయి. నాకు మాత్రం పాత నవల అట్ట ఉంచుకుని లోపల వేరే పుస్తకం కుట్టినట్టుంటుంది.

కోదాడలో మా మేనత్త ఇంట్లోని సెట్టుకి కూడా అదే గతి పట్టబోయింది. అది మామయ్య కొన్నది. వెనకాల గుడ్డసంచిలో పోస్టాఫీసు లైసెన్సు పుస్తకం ఇంకా ఉంది (రేడియో వినడానికి ఏటా లైసెన్సు కట్టేవాళ్ళంటే మా ఆఫీసులో కుర్రాళ్ళు నమ్మరు). బావ దాన్ని హైదరాబాద్ తీసుకుపోయి బ్లూటూత్ పెట్టిస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "పాటలు ఫోన్లో వస్తలేవా? ఇది రేడియో లెక్క పాడితే పాడాలె, లేకుంటే అట్లనే ఉండనియ్యిరా" అంది. ఇంజినీరింగ్ చదివిన పాపానికి ఆ పని నా మీద పడింది.

వాల్వు సెట్లు ఇంకా ముట్టుకునే పెద్దాయన ఒకరు సూర్యాపేటలో ఉన్నారు. నేను పైనున్న గీతలు చూపిస్తుంటే ఆయన వాటివైపు చూడనేలేదు. "కట్టె సంగతి తర్వాత సార్. ముందు కరెంటు సంగతి చూడాలె" అన్నారు. ఏళ్ళ తరబడి మూలన పడున్న సెట్టుని తిన్నగా ప్లగ్గులో పెట్టకూడదు. సీరీస్ బోర్డు తెచ్చారు. అంటే సెట్టుకి వరసలో ఒక 60 వాట్ల ఫిలమెంటు బల్బు. లోపల ఎక్కడన్నా షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు కాలదు. నేను రోజూ వాడే డీబగ్గర్లలో ఇంత నిజాయితీగా జవాబు చెప్పేది ఒక్కటీ లేదు.

పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయి, అవి ఎలాగూ మార్చాల్సిందే. అసలు ప్రమాదం మాత్రం మైనం పూసిన ఒక చిన్న కాగితం కెపాసిటర్‌లో ఉంటుందని ఆయనే చెప్పారు. ముందు వాల్వు ప్లేటు మీదుండే హైవోల్టేజీని అడ్డుకుని, పాటని మాత్రం ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకి పంపడం దాని పని. తేమ పీల్చి అది లీకవడం మొదలుపెడితే గ్రిడ్డు పాజిటివ్ వైపు పోతుంది. వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగుతుంది. దాని వెనకే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. దొరకని ట్రాన్స్‌ఫార్మర్ ప్రాణం చిల్లర డబ్బుల కెపాసిటర్ చేతిలో ఉంటుందన్నమాట. వాల్వులు మాత్రం ఐదూ బతికే ఉన్నాయి. ఎలుకలు కొరికేసిన డయల్ దారం బదులు నైలాన్ దారం చుట్టారు. చిరిగిన స్పీకర్ కోనుకి పల్చటి కాగితం అతికించారు.

కట్టె పని మిర్యాలగూడలో మాకు తెలిసిన వడ్రంగి చేశాడు. వెనక అట్ట చెదలు తినేసింది. దాని బదులు టేకు పలక నున్నగా చిత్రికపట్టి, మూసేసేలా తయారుచేశాడు. ఎంత ముచ్చటగా ఉందో! కానీ సెట్టు లాగే 40, 50 వాట్లలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. ఆ వేడి పోడానికే పాత అట్టకి అన్ని కన్నాలు. విషయం చెప్తే "అయితే పొయ్యి లెక్కన్నట్టు" అని నవ్వి, పలక మీద వరసగా కన్నాలు తొలిచాడు. లేచిపోయిన వెనీరు కింద ఫెవికాల్ పూసి, గుడ్డ మీంచి ఇస్త్రీపెట్టెతో అదిమాడు. ఔట్‌పుట్ వాల్వుకి సరిగ్గా పైన కట్టె నల్లబడి ఉంది. దాన్ని గీకొద్దని నేనే అన్నాను. ఆ మచ్చ కూడా ఈ సెట్టు పాడినదాని గుర్తే. పాలిష్ కూడా స్పిరిట్‌లో కరిగించిన లక్కే, దూదిగుడ్డతో రుద్దింది. రేపు ఎవరన్నా మళ్ళీ బాగుచెయ్యాలంటే లక్క మీద లక్క పడుతుంది.

డయల్ మీద అంకెలు మీటర్లలో ఉన్నాయి. 3,00,000ని కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లొస్తాయి. విజయవాడ 837 అంటే 358 దగ్గర, హైదరాబాద్ 738 అంటే 406 దగ్గర. రెండు నగరాల మధ్య రోడ్డుకి దాదాపు సగంలో సూర్యాపేట, ఇంకాస్త విజయవాడ వైపు కోదాడ. ఈ ఊళ్ళు రెండు స్టేషన్లనీ వింటూ పెరిగాయి. 1948 సెప్టెంబరు 17న నిజాం తన లొంగుబాటు ప్రకటించింది హైదరాబాద్‌లోని డెక్కన్ రేడియోలో. ఆ డిసెంబరు 1నే విజయవాడ కేంద్రం మొదలైంది. 1950లో డెక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసిపోయింది. సినిమా పాటలకి మాత్రం రెండూ కాదు, షార్ట్‌వేవ్‌లో సిలోన్, మీనాక్షీ పొన్నుదురై గొంతు. బ్లూటూత్ పెట్టెలో ఈ ముల్లు తిప్పే పనే ఉండదు. ఉన్నా ఎక్కడికీ పోదు.

కోదాడలో సెట్టు పెట్టి ముల్లు 358 దగ్గరికి తెస్తే మొదట గరగర తప్ప ఏమీ రాలేదు. లోపం సెట్టుది కాదు. ఎల్‌ఈడీ బల్బులూ ఫోన్ చార్జర్లూ మీడియం వేవ్‌లో చేసే గోల అది. హాల్లో లైటు ఆపి, చార్జర్ పీకేసరికి విజయవాడ వినిపించింది. ఇప్పుడు అత్త సాయంత్రాలు చీకట్లో, ఆ డయల్ వెలుతురులోనే కూర్చుని వింటోంది. ఆ టైములో బావ ఫోన్ చేస్తే, "వార్తలైనంక చెయ్యి" అని పెట్టేస్తోందట.