‘గ్యాస్ అయిపోయింది’ అనే మాట వెనుక

కారు ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు. అది పెట్రోలులా మండిపోదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ లోపలి వేడిని మోసుకుపోయి బయట వదలడమే దాని పని. ఏళ్ల తరబడి అతుకుల దగ్గర కొద్దికొద్దిగా జారిపోవచ్చు గాని, వాడినంత మాత్రాన తరగదు. అయినా వేసవి వచ్చేసరికి మెకానిక్ షెడ్ల ముందు తరచుగా వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింది, నింపించుకోండి."

ఈ మే నెలలో ఢిల్లీలో నాకూ అదే తీర్పు వచ్చింది. తొమ్మిదేళ్ల నాటి కారు. నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే మీద పరుగెత్తుతున్నంత సేపూ చల్లగానే ఉండేది. ఐటీవో కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగితే చాలు, వేడిగాలి మొదలయ్యేది. కాలనీ పక్కనున్న షెడ్డులో బానెట్ ఎత్తకుండానే 2,500 రూపాయలవుతుందన్నారు. గ్యాస్ తగ్గిందే నిజమైతే, కదిలే కారులో చల్లదనం ఎక్కడి నుంచి వస్తున్నట్టు? ప్రభుత్వ ప్రకటనలో రెండు అంకెలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు విలేకరికి కలిగే అనుమానం లాంటిదే ఇదీ. ఆదివారం ఉదయం, ఎండ ముదరకముందే, తొలిసారిగా ఆ పని నేనే చేపట్టాను.

ఏసీ పనితీరు అర్థమైతే లోపం సగం దొరికినట్టే. కంప్రెసర్ గ్యాస్‌ను ఒత్తిడికి గురిచేసి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి చేరి, గ్యాస్ ద్రవమవుతుంది. డ్యాష్‌బోర్డు వెనుక అదే ద్రవం మళ్లీ ఆవిరవుతూ మన చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. కారు పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఏసీ వేసి ముందుకు వెళ్లి చూస్తే, ఫ్యాన్ కదలడం లేదు.

ఫ్యూజు బాగానే ఉంది. ఫ్యూజు పెట్టెలో ఫ్యాన్ రిలే పక్కనే అదే నమూనా, అదే సంఖ్య గల హారన్ రిలే ఉంది. ఇంజిన్ ఆపి, రెండింటినీ అటూఇటూ మార్చాను. మళ్లీ ఏసీ వేయగానే ఫ్యాన్ తిరిగింది. కాసేపు నా కారు ఢిల్లీలో హారన్ లేని అరుదైన వాహనంగా నిలిచింది. కొత్త రిలేకు రెండు వందల చిల్లర అయింది. బ్యాటరీ తీగ విప్పి, కండెన్సర్ రేకుల మధ్య పేరుకున్న దుమ్మును మెత్తని బ్రష్షుతో, సన్నటి నీటిధారతో కడిగాను. గ్యాస్ గొట్టాల జోలికి పోలేదు. ఒత్తిడి కొలిచే పరికరం, గ్యాస్‌ను వెనక్కి తీసుకునే యంత్రం లేకుండా ఇంట్లో వాటిని విప్పకూడదు. మధ్యాహ్నం ఐటీవో దగ్గర కావాలనే రెండు సిగ్నళ్లు ఆగాను. చల్లదనం తగ్గలేదు.

మిగిలిన డబ్బు కంటే నన్ను ఆలోచింపజేసింది మరొకటి. గ్యాస్ నింపించి ఉంటే, లోపల ఉన్నదాన్ని ముందుగా బయటికి వదిలేవారు. వెనక్కి తీసుకునే యంత్రం ఆ షెడ్డులో లేదు. నా కారులాంటి చిన్న కారులో ఉండేది దాదాపు అరకిలో ఆర్-134ఏ. ఓజోన్ పొరకు చేటు చేసిన ఆర్-12 స్థానంలో వచ్చిన ఈ వాయువు ఓజోన్‌ను తాకదు గాని భూమిని వేడెక్కిస్తుంది. కిగాలీ సవరణ లెక్క ప్రకారం దాని ఒక కిలో 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అరకిలో గాలిలో కలిస్తే 715 కిలోలన్నమాట. సుమారు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత. పాడవని వస్తువును మార్చడానికి ఇంత మూల్యం!

2016 అక్టోబరులో కిగాలీలో కుదిరిన ఆ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. ఇటువంటి వాయువుల వాడకాన్ని మనం 2028లో స్తంభింపజేయాలి. 2032 నుంచి తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. పాకిస్తాన్‌దీ ఇదే గడువు. అన్నిటా విభేదించే రెండు దేశాలు ఒకే వరుసలో నిలిచిన అరుదైన చోటు అది. అయితే ఆ ఒప్పందం లెక్కించేది ఉత్పత్తిని, ఎగుమతి దిగుమతులను. షెడ్డు ముందు బుస్సుమని గాలిలో కలిసేదానికి అందులో విడిగా పద్దు లేదు.

వారం తరువాత ఆ షెడ్డు ముందు నుంచి వెళుతూ మెకానిక్‌కు జరిగింది చెప్పాను. అతను నొచ్చుకోలేదు. "సార్, ఫ్యాన్ చూడటానికి నాకూ పది నిమిషాలు చాలు. కానీ చూసినందుకు ఎవరిస్తారు డబ్బు? గ్యాస్ నింపితేనే ఇస్తారు," అన్నాడు. రేకుల కప్పు కింద, ఫ్యాను కూడా లేని చోట, రోజంతా ఇతరుల చల్లదనం కోసం పనిచేసే మనిషి మాట అది. అందులో అబద్ధం లేదు. 2019 నాటి జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది సాంకేతిక నిపుణులకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కానీ ఈ మెకానిక్‌కు కొరవడింది నైపుణ్యం కాదు, ఆ నైపుణ్యానికి వెల.

మన పాలనకూ ఈ అలవాటే ఉంది. లోపం వెతికినవారికి బిల్లు ఉండదు, కొత్తగా నింపినవారికి ఉంటుంది. అంతర్జాతీయ ఒప్పందాల అమలు చివరికి ఇటువంటి చిన్న లావాదేవీల మీదే ఆధారపడుతుంది. ఆ లావాదేవీని మార్చడానికి 2028 దాకా ఆగనక్కరలేదు. ఈసారి ఏసీ మొరాయిస్తే, షెడ్డులో మొదట ఈ మాట చెప్పి చూడండి: "ముందు పరీక్షించండి. పరీక్షించినందుకు విడిగా డబ్బిస్తాను."