లింగంపల్లి సురభివారు

హైదరాబాదునకు పడమటనున్న హైటెక్ సిటీని జూడవచ్చువారు 1998లో వెలసిన సైబర్ టవర్సు నెదుట ఛాయాచిత్రము దీయించుకొని మరలిపోవుచుందురు. వారికొక మనవి. అచ్చటనే ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి, హఫీజుపేట, చందానగరములు దాటి లింగంపల్లిలో దిగవలయును. అద్దాల మేడలకు కూతవేటు దూరమున సురభి నాటక కుటుంబముల కాలనీ కలదు.

మేమట్లు పోవుచుండగా 1934 నాటి హాలీవుడ్ హాస్యచిత్రము ‘ట్వెంటీయత్ సెంచరీ’ నాకు జ్ఞప్తికి వచ్చినది. అందొక నాటకప్రయోక్త తన్ను విడిచిపోయిన నటీమణిని రైలులోనే మాయమాటలతో మరల వశపఱచుకొన జూచును. అట్టి చిత్రములలో తెరవెనుక బ్రతుకంతయు కలహము, కపటము, నవ్వులాట. సురభివారి తెరవెనుకనో, పొయ్యియు నుయ్యెలయు!

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ నాడించుటతో నీ సమాజము పుట్టెను. అంతకుముందు వీరిది తోలుబొమ్మలాట. పురుషులే స్త్రీవేషములు గట్టు ఆ దినములలో వీరి యింటి యాడువారు తామే రంగమెక్కిరి. లోకమేమనెనో మన మూహింపవచ్చును. అత్తయు, మగడును, బిడ్డలును ప్రక్కనే వేషములలో నుండగా లోకముతో వారికేమి పని? సురభి కమలాబాయి తల్లికి రంగముపైననే నొప్పులు వచ్చెననియు, ప్రేక్షకులదియు నాటకములోనిదే యనుకొనిరనియు జెప్పుదురు. ఆ కమలాబాయియే 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో లీలావతి. 1952 నాటి ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ చిత్రమున, టాకీలు రాగా కంఠము చాలని నాయికకు వేఱొక పిల్ల చాటున గొంతు నిచ్చును. నాటకములలో బాడి పెరిగిన కమలాబాయి కట్టి యక్కఱ కలుగలేదు.

‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’ (1933)లో ప్రధాననటి చీలమండ విఱుగగా, గుంపులో నాడు పిల్ల యొకతె యామె పాత్రను ధరించి పేరు గాంచును. చిన్ననాటనే లవకుశుల వేషములు గట్టి, ఏండ్లు వచ్చిన కొలది పాత్రలు మార్చుకొను సురభి బిడ్డల కిందులో వింత యేమున్నది?

వారి ‘మాయాబజారు’లో లడ్డూలు తమంతట తామే ఘటోత్కచుని నోటికెగురును. అంతయు త్రాళ్లు, కప్పీలు, చేతినేర్పు. ఈ విద్యను నిలిపిన వారిలో నొకరైన సురభి నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చినది. 2022లో వారు గతించిరి.

అచ్చటి యిల్లాలి నొకతెను, మీ పిల్లల నీ మేడలలోని కొలువులకు బంపుదురా యని యడిగితిని. “నెలజీత మెవరికి చేదమ్మా! పంపుదుము. కాని యాటనాటి రాత్రి సెలవు దొరకవలె గదా. పైన తాడు పట్టువాడు లేనిచో నారదులవారెట్లు దిగుదురు?” అని యామె నవ్వుచునే యనెను.