లారీలో కంప్యూటర్, సంచిలో ఫొటోలు

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు మేము చెప్పనక్కర్లేదు. నాన్న అట్టపెట్టెల కోసం కిరాణా కొట్ల చుట్టూ తిరుగుతారు. అమ్మ గాజు గ్లాసులను పాత పేపర్లలో చుడుతుంది. నల్ల ట్రంకు పెట్టెల మీద పాత ఊరి పేరు కొట్టేసి, తెల్ల పెయింటుతో కొత్త ఊరి పేరు రాస్తారు. మీ స్నేహితులు గేటు దగ్గర నిలబడి, లారీ ఎప్పుడొస్తుందని అడుగుతారు. మేమూ ఇప్పటికి నాలుగుసార్లు అలా సర్దుకున్నాం. ఆ సర్దుళ్లలో గిన్నెలు పోయాయి, ఒక కుర్చీ కాలు విరిగింది, తులసి కుండీ పగిలింది. వాటన్నిటికీ బదులు కొత్తవి వచ్చాయి. బదులు రానిది ఒక్కటే పోయింది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మేమంటే ముగ్గురం: తెలుగు చెప్పే టీచరు, ఆ టీచరు వెంట ఊళ్లు తిరిగే తోడు, మా పాప. మా మొదటి పోస్టింగు అస్సాంలోని జోర్హాట్. 2015 డిసెంబరులో తెనాలి నుంచి అమ్మమ్మ అక్కడికి వచ్చింది. మా ఇంట్లో పాప పిలుపే అందరి పిలుపు కాబట్టి ఆవిడ మా అందరికీ అమ్మమ్మే. తిరుపతి తప్ప మరో దూరపు ఊరు ఎరగని మనిషి, మూడు రాత్రులు రైల్లో కూర్చుని, గోంగూర పచ్చడి జాడీ ఒళ్లో పెట్టుకుని వచ్చింది. నిమాతీ ఘాట్‌లో పడవ ఎక్కించి మాజులీ దీవికి తీసుకెళ్లాం. బ్రహ్మపుత్రను చూసి, "ఇది నదా? అవతలి గట్టు ఏదీ?" అంది. అప్పటికి పాపకు రెండేళ్లు. పడవలో అమ్మమ్మ ఒళ్లోనే నిద్రపోయింది. ఆ నెల రోజుల్లో నాలుగు వందలకు పైగా ఫొటోలు తీశాం.

2016లో రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు బదిలీ అయింది. బ్రహ్మపుత్ర ఒడ్డు నుంచి ఇసుక తిన్నెలకు. దేశం ఈ చివర నుంచి ఆ చివరకు లారీలో వెళ్లే కంప్యూటర్ బతికి బట్టకడుతుందా అని మా భయం. అందుకని అరచేతిలో పట్టే ఒక పోర్టబుల్ హార్డ్ డిస్క్ కొన్నాం. కంప్యూటర్‌లో ఉన్న ఫొటోలన్నీ ఎంచి, 'కట్' నొక్కి, కొత్త డిస్క్‌లో 'పేస్ట్' చేశాం. కంప్యూటర్‌లో చోటు కూడా మిగులుతుందని సంబరపడ్డాం. కెమెరా మెమరీ కార్డు కూడా దారిలో కొత్త ఫొటోలకు పనికొస్తుందని ఖాళీ చేసేశాం. ఆ 'కట్' ఎవరు నొక్కారో మా ఇద్దరికీ తెలుసు. ఇంతవరకూ ఒకరినొకరు అనుకోలేదు.

'కాపీ' అంటే రెండో ప్రతి తయారవుతుంది. 'కట్' అంటే ఉన్న ఒక్క ప్రతే ఇల్లు మారుతుంది. మనలాగే, పాత చోట ఏమీ మిగలదు. బదిలీల మీద బతికేవాళ్లమై ఉండి కూడా ఆ తేడా మాకు తట్టలేదు.

డిస్క్‌ను రెండు స్వెట్టర్ల మధ్య పెట్టి, దారి పొడుగునా సంచి ఒళ్లో పెట్టుకున్నాం. మేము చేరిన తొమ్మిదో రోజున లారీ వచ్చింది. బొంతలో చుట్టిన కంప్యూటర్‌ను విప్పి స్విచ్ వేస్తే మొదటిసారికే వెలిగింది. ఏది పగులుతుందని భయపడ్డామో అది క్షేమంగా చేరింది. ఆ సంతోషంలో పాపకు పడవ ఫొటోలు చూపిద్దామని డిస్క్‌ను బల్ల అంచున పెట్టి తగిలించాం. ఇంతలో కుక్కర్ విజిల్ వేసింది. లేచిన మా కాలికి వైరు తగిలింది. డిస్క్ గచ్చు మీద పడింది. తీసి మళ్లీ తగిలిస్తే లోపలి నుంచి గడియారంలా టిక్ టిక్ మని చప్పుడు, అంతే.

అలాంటి డిస్క్ లోపల అద్దంలాంటి పళ్లెం ఒకటి ఉంటుంది. పోర్టబుల్ డిస్కుల్లో అది సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. దానిమీది సమాచారాన్ని చదివే సన్నటి ముల్లు పళ్లేన్ని తాకకుండా, వెంట్రుక మందం కంటే ఎంతో తక్కువ ఎడంలో, గాలి మీద తేలుతూ ఉంటుంది. తిరుగుతున్నప్పుడు డిస్క్ కింద పడితే ఆ ముల్లు పళ్లెం మీద గీరుకుంటుంది. టిక్ టిక్ అంటే ముల్లు తన చోటు దొరక్క తడుముకుంటోందని అర్థం. అప్పుడు వెంటనే వైరు తీసేసి, తెలిసినవాళ్ల చేతిలో పెట్టాలి. మేము ఆశకొద్దీ ఇరవైసార్లు తగిలించి చూశాం. ప్రతిసారీ గీత ఇంకొంచెం లోతైంది. చివరికి జోధ్‌పూర్ తీసుకెళ్తే, విప్పి చూసినతను పళ్లెం మా ముందుకు తిప్పాడు. అంట్లు తోమీ తోమీ గీతలు పడిన స్టీలు కంచంలా ఉంది. మేము ఇంకేమీ అడగలేదు.

ఫోన్‌లో చెబితే అమ్మమ్మ నవ్వేసింది. "పోతే పోయాయిలే. మళ్లీ వస్తాగా, ఈసారి ఒంటె మీద కూర్చోబెట్టి తీయండి" అంది. రాలేదు. 2017లో, రథసప్తమి వెళ్లిన వారానికి పోయింది.

పాప రెండో తరగతిలో ఉండగా, తాతయ్యతోనో అమ్మమ్మతోనో దిగిన ఫొటో అంటించి నాలుగు వాక్యాలు రాసుకు రమ్మన్నారు. మా దగ్గర ఒక్కటీ లేదు. జోర్హాట్‌లో పక్క క్వార్టర్‌లో ఉన్న అస్సామీ ఆంటీకి ఫోన్ చేశాం. వాళ్లకూ ఈలోపు రెండు బదిలీలయ్యాయి. వారం తర్వాత ఆవిడ పాత ఫోన్ వెతికి ఒక ఫొటో పంపింది. అప్పట్లో మేమే వాట్సాప్‌లో పంపినదట. మెట్ల మీద అమ్మమ్మ, ఆవిడ పక్కన ఆంటీ, మధ్యలో పాప. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. అది ఫోన్‌లో బాగానే కనిపించింది గానీ, కాస్త పెద్దదిగా ప్రింటు తీయిస్తే ముఖం అలుక్కుపోయింది. అగ్గిపెట్టెంత ప్రింటు తీయించి అంటించాం.

"అమ్మమ్మకు అంత చెమట ఎందుకు పట్టింది?" అని పాప అడిగింది. అస్సాంలో ఇంటికి వచ్చినవాళ్లకు తామోల్ పాన్ పెడతారు. ఆ పచ్చి వక్క అలవాటు లేనివాళ్లకు ఒళ్లంతా వేడెక్కిస్తుంది. మన వక్కే కదా అని అమ్మమ్మ దర్జాగా నమిలి, డిసెంబరు చలిలో చెమటలు కక్కింది. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ దానికే నవ్వుకుంటున్నారు. ఆ సంగతి మేము చెప్పాం, ఫొటో చెప్పలేదు. కాగితం ఫొటోల రోజుల్లో అమ్మమ్మ ప్రతి ఫొటో వెనకా పెన్సిల్‌తో ఊరు, ఏడాది, మనుషుల పేర్లు రాసేది. కంప్యూటర్‌లో ఫొటోకు వెనక వైపు లేదు. మనమే కల్పించాలి.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం, టిఫిన్ అయ్యాక, ఫోన్లలోని ఫొటోలు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి వస్తాయి. ఎప్పుడూ కాపీయే, కట్ లేదు. ఫోల్డర్ పేరులో ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత ఊరు: 2018-11-జైసల్మేర్. అలా పెడితే కంప్యూటర్ దానంతటదే వరుసగా నిలబెడుతుంది. ప్రతి ఫోల్డర్‌లో 'వెనక వైపు' అని ఒక చిన్న ఫైలు. ఫొటోల్లో ఎవరున్నారో, ఏం జరిగిందో అందులో పాప రాస్తుంది.

తర్వాత అవే ఫొటోలు బయటి డిస్క్‌లోకి కాపీ అవుతాయి. ఇక్కడ లెక్క పాపదే. రెండు చోట్లా ఎన్ని ఫైళ్లున్నాయి, మొత్తం సైజు ఎంత అని ప్రాపర్టీస్‌లో చూసి సరిపోల్చుతుంది. మొదట్లోంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, చివర్లోంచి ఒకటి తెరిచి చూస్తుంది. పేరు కనబడినంత మాత్రాన ఫొటో ఉన్నట్టు కాదు, తెరుచుకుంటేనే ఉన్నట్టు. ఆ తర్వాతే ఫోన్‌లో చెరపడానికి అనుమతి. డిస్క్‌ను కూడా ఊడబెరకకుండా, 'ఎజెక్ట్' నొక్కి, తీయవచ్చని కంప్యూటర్ చెప్పాకే తీస్తాం. కాపీ అయిపోయినట్టు కనిపించినా, చివరి ముక్క ఇంకా రాస్తూ ఉండవచ్చు. తీశాక దాన్ని బీరువాలో పెడతాం. ఎప్పుడూ తగిలించే ఉంచితే, పిడుగుపాటు కరెంటుకో వైరస్‌కో కంప్యూటర్‌తో పాటు అదీ పోతుంది.

మూడో ప్రతి తెనాలిలో తాతయ్య దగ్గర ఉంటుంది. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు కొత్త డిస్క్ ఇచ్చి పాతది తెచ్చుకుంటాం. దూరపు ప్రతిని క్లౌడ్‌లో కూడా ఉంచుకోవచ్చు. అయితే గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటులోనే మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. ఫోన్‌తో కలిపి సింక్ చేసి ఉంటే, ఫోన్‌లో చెరిపింది అక్కడా చెరిగిపోవచ్చని కూడా గుర్తుంచుకోండి. ఇది మేము కనిపెట్టిన పద్ధతేమీ కాదు. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ దీనికి 3-2-1 అని పేరు తెచ్చాడు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట.

వేరే చోటు ఎందుకని మీరు అడగవచ్చు. మీలో చాలామంది 'టాయ్ స్టోరీ 2' చూసే ఉంటారు. 1998లో ఆ సినిమా తయారవుతుండగా పిక్సార్ కంప్యూటర్లలో ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో సినిమాలో చాలా భాగం చెరిగిపోయింది. బ్యాకప్ చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడమే లేదు. ఎవరూ తెరిచి చూడలేదు. అప్పుడు గాలిన్ సుస్మాన్ అనే ఉద్యోగికి గుర్తొచ్చింది. బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పనిచేస్తూ, ఆమె సినిమా ప్రతిని తన ఇంటి కంప్యూటర్‌లో ఉంచుకుంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో బెల్టు పెట్టి, ఆఫీసుకు తెచ్చారు. అందులోంచే సినిమాను మళ్లీ నిలబెట్టారు. ఈ కథ విన్నప్పుడు మాకు బొంతలో చుట్టిన మా కంప్యూటర్ గుర్తొచ్చింది. వాళ్ల మూటలో సినిమా ఉంది, మా మూటలో ఏమీ లేదు.

పిల్లలూ, సొంత ఊళ్లో ఉండేవాళ్లకు చిన్నప్పటి ఇల్లు వీధి చివర కనబడుతూనే ఉంటుంది. మన క్వార్టర్ మాత్రం తాళం చెవి ఇచ్చేసిన మర్నాడే ఇంకొకరిది. ఆ మెట్లు, ఆ గేటు, గేటు దగ్గర నిలబడ్డ స్నేహితులు మళ్లీ కావాలంటే మనకు ఫొటోలే దిక్కు. మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుకుంటారు. మన బడి ఏడాది ముగిసేదీ, ఇళ్లలో బదిలీ మాటలు మొదలయ్యేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఆ రోజుకు ముందే ఒక ఆదివారం అమ్మానాన్నల పక్కన కూర్చోండి. వాళ్లకు తీరిక లేకపోతే లెక్క మీరే చూడండి. మా పాప ఎనిమిదేళ్లకే నేర్చుకుంది.

ఈ ఏడాది మాకు మళ్లీ ఉత్తర్వు రావచ్చంటున్నారు. వస్తే కంప్యూటర్ లారీలో వెళ్తుంది, డిస్క్ మా సంచిలో వస్తుంది, మూడోది తెనాలిలో కదలకుండా ఉంటుంది. మూడింటిలోనూ మొదటి ఫోల్డర్ ఒకటే: 2015-12-జోర్హాట్. అందులో ఉన్నది ఒకే ఒక్క ఫొటో. దాని 'వెనక వైపు' మాత్రం పాప రెండు పేజీలు రాసింది.