షాబాజ్‌ను తెచ్చిన బేరం

అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీలో ప్లేఆఫ్స్ ముందు క్లబ్బులు రేపటి కుర్రాళ్లను వదులుకుని ఇవాళ్టి ఆటగాణ్ని తెచ్చుకుంటాయి. బడంగ్‌పేట్‌లో కూర్చుని ఐపీఎల్ క్రికెట్‌లో మా ఉప్పల్ జట్టు సన్‌రైజర్స్‌కు ప్రాణం పెట్టే నాకు అలాంటి బేరాల గుబులు బాగా తెలుసు.

2023 నవంబర్‌లో సన్‌రైజర్స్ మయాంక్ డాగర్‌ను బెంగళూరుకిచ్చి షాబాజ్ అహ్మద్‌ను తీసుకుంది. ఇద్దరూ ఎడమచేతి స్పిన్నర్లే. దీంతో ఒరిగేదేముందని మా గల్లీ టీకొట్టు దగ్గర పెదవి విరిచారు.

2024 మే 24, చెపాక్, రెండో క్వాలిఫయర్. మనవాళ్లు చేసింది 175. ఎదుటి జట్టులో జైస్వాల్ 42 కొట్టి ఊపు మీదున్నాడు. ఇంపాక్ట్ ప్లేయర్‌గా దిగిన షాబాజ్ అతణ్ని పంపాడు, తర్వాత ఒకే ఓవర్లో పరాగ్‌నూ అశ్విన్‌నూ పడగొట్టాడు. 23 పరుగులకు 3 వికెట్లు! 36 పరుగులతో గెలిచి ఫైనల్‌కు వెళ్లాం. అక్కడ 113కే కుప్పకూలాం, కప్పు కోల్‌కతాది. అయినా ఆ బేరం ముమ్మాటికీ సరైనదే: బ్యాటూ బంతీ రెండూ పట్టేవాడు నాకౌట్‌లో బంగారం.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చిన వార్నర్‌ను 2021లో సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ నుంచి తప్పించారు. ఆ ఏడు అట్టడుగున నిలిచాం. వార్నర్‌ను అలా తప్పించడాన్ని సాహసమంటే నేనొప్పుకోను.